మీ మోటారు సైకిలు క్లచ్‌ను మీరే బాగుచేసుకోవచ్చు

సూరత్ నగరంలో లింబాయత్ వీధుల వెంట సాయంకాలం నడిచేవారికి రెండు ధ్వనులు ఎడతెగక వినిపిస్తాయి: పవర్‌లూమ్ మగ్గాల టకటకలు, మోటారు సైకిళ్ళ రొద. తెలంగాణ నుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఇక్కడ తరాలుగా స్థిరపడి ఉన్నాయి. నగరపాలక సంస్థ వారి పిల్లల కోసం తెలుగు మాధ్యమంలో పాఠశాలలు కూడా నడుపుతున్నది.

మా వీధి చివర ఉండే ఒక పెద్దాయన మగ్గం పని మానుకుని, చీరల మూటలను రింగ్ రోడ్డు మార్కెట్లకు చేరవేస్తూ సంసారం గడుపుతున్నాడు. ఆయనకున్న పెట్టుబడి ఒక్కటే, 100 సి.సి. మోటారు సైకిలు. ఒక వర్షాకాలంలో మీఠీ ఖాడీ పొంగి వీధిలో మోకాటి లోతు నీరు నిలిచింది. 2006 ఆగస్టులో తాపీ నది నగరాన్ని ముంచెత్తిన నాటితో పోలిస్తే ఇది లెక్కలోనిది కాదు. కాని ఇంజను మునగడానికి మోకాటి లోతు చాలు. నీరు తీశాక బండి కదిలింది. వారం తిరక్కుండానే మూటలతో వంతెన ఎక్కుతుంటే ఇంజను గోలపెట్టసాగింది, చక్రం మాత్రం వేగం అందుకోలేదు.

"బండి ఆగితే మా పొయ్యి ఆగుతది, తమ్మీ" అన్నాడాయన. మరమ్మతు దుకాణంలో అడిగిన మొత్తం ఆయన వారం సంపాదనను మించింది. నా వృత్తి అనువాదం. యంత్రాల వాడకపు పుస్తకాలు కొన్ని తెలుగు చేసిన ధైర్యంతో, "మనమే విప్పుదాం, అన్నా" అన్నాను. పుస్తకం అనువదించడం వేరు, బోల్టు విప్పడం వేరు అని తరువాత తెలిసింది.

క్లచ్ చేసే పని నేతగాడికి చెప్పనక్కరలేదు. పాత పవర్‌లూమ్‌లో హ్యాండిల్ లాగితే పట్టా వదులు చక్రం మీదినుండి బిగువు చక్రం మీదికి జరిగి మగ్గం కదులుతుంది. మోటారు సైకిలులో అదే పని పలుచని బిళ్ళల దొంతర చేస్తుంది. పట్టు కోసం పూత అతికించిన బిళ్ళ ఒకటి, నునుపైన ఉక్కు బిళ్ళ ఒకటి, ఇలా ఒకటి విడిచి ఒకటిగా అమర్చి, స్ప్రింగులతో అదిమి ఉంచుతారు. లీవరు నొక్కితే స్ప్రింగుల ఒత్తిడి తొలగి బిళ్ళలు విడివడతాయి. ఇంజను తిరుగుతున్నా చక్రానికి శక్తి అందదు. మన రోడ్ల మీది బళ్ళలో చాలావాటికి ఈ దొంతర ఇంజను ఆయిల్‌లోనే మునిగి పనిచేస్తుంది. అందుకే ఆయిల్ చెడితే క్లచ్ చెడుతుంది.

ఇంజను విప్పేముందు కేబులు చూడాలి. లీవరు చివర 10 నుండి 20 మిల్లీమీటర్ల వరకు ఊరకే కదలాలని ఈ తరహా బళ్ళ పుస్తకాలు చెబుతాయి. ఆ వదులు లేకపోతే బిళ్ళలు పూర్తిగా అదుముకోక జారుతాయి. మరీ ఎక్కువైతే పూర్తిగా విడివడక గేరు మొరాయిస్తుంది, సిగ్నలు దగ్గర న్యూట్రల్ దొరకదు. ఎందరో ఈ ఒక్క సవరింపుతో తీరే జబ్బుకు ఇంజను విప్పించుకుంటారు. ఆయిల్ రకం కూడా చూడాలి. కార్ల కోసం తయారైన కొన్ని ఆయిళ్ళలో రాపిడి తగ్గించే పదార్థాలుంటాయి. అవి తడి క్లచ్‌కు శత్రువులు. జపాను వారు 1998లో మోటారు సైకిళ్ళ ఆయిల్‌కు వేరే ప్రమాణం ఏర్పరచారు. డబ్బా మీద జాసో ఎం.ఎ. అన్న ముద్ర దానికే గుర్తు.

మా బండి కేబులు సరిగానే ఉంది. ఆయిల్ దింపితే పాలు కలిపిన టీ రంగులో వచ్చింది. నీరు కలిసిందనడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు. అటువంటి ఆయిల్‌తో బండి నడిపిన కొద్దీ బిళ్ళల మీది పూత ఉబ్బి ఊడివచ్చే ప్రమాదముంది, బేరింగులకూ ముప్పే.

కిక్ రాడ్డు, కాలిమెట్టు తీసి, కేబులు విడదీసి, కవరు బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా వదులు చేశాము. బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. అట్టముక్క మీద కవరు ఆకారం గీసి, ఏ బోల్టును ఆ చోటనే గుచ్చి ఉంచితే తరువాత తడుముకోనక్కరలేదు. కవరు ఊడకపోతే అంచున స్క్రూడ్రైవరు దూర్చకండి. మెత్తని అల్యూమినియంపై పడే గీత రేపటి కారుటకు దారి. చెక్క సుత్తితో చుట్టూ తట్టితే చాలు.

లోపల పాత ప్యాకింగు మీదనే ఎవరో సిలికోన్ జిగురు దండిగా పూశారు. పైకి పొంగింది కనిపిస్తుంది, లోపలికి పొంగినది కనిపించదు. అది తునకలై ఆయిల్ జల్లెడకు అడ్డుపడితే ఇంజనుకు ఆయిల్ అందదు. మేము జల్లెడ కడిగితే రెండు తునకలు దొరికాయి.

బిళ్ళలను తీసిన వరుసలోనే గుడ్డ మీద పేర్చాము. ఉక్కు బిళ్ళ నీలిరంగు తిరిగితే అది వేడెక్కి కాలినట్లు. గాజు పలక మీద పెట్టి చూస్తే వంకర తెలుస్తుంది. స్ప్రింగుల పొడవు కొలిచి పుస్తకంలోని హద్దుతో సరిచూడాలి. మా ఉక్కు బిళ్ళలూ స్ప్రింగులూ నిలిచాయి, పూత బిళ్ళలు మాత్రం మార్చక తప్పలేదు. కొత్తవాటిని ఆయిల్‌లో నానబెట్టిన తరువాతనే అమర్చాలి. పొడిగా ఎక్కిస్తే ఆయిల్ చేరేలోగా మాడిపోగలవు.

ప్యాకింగు పనిలో ఓపిక కావాలి. పాత కాగితాన్ని చెక్కపుల్లతో గీకి, లోపల పడకుండా గుడ్డ అడ్డుపెట్టి, అంచులను పెట్రోలు తడిపిన గుడ్డతో జిడ్డు లేకుండా తుడవాలి. దగ్గరలో బీడీ, దీపం ఉండరాదు. కిక్ షాఫ్టు సీలు కూడా అప్పుడే మార్చడం మేలు. గురుతు పిన్నులు రెండూ చోటునున్నవో లేదో చూసి, కొత్త ప్యాకింగు పొడిగానే పెట్టాలి; అంచున గీతలుంటే అక్కడ మాత్రం పలుచగా జిగురు రాయవచ్చు.

ఇక నా నిర్వాకం. ఆంగ్ల పుస్తకాల్లోని "గట్టిగా బిగించండి" అన్న మాటను ఎన్నోమార్లు నిశ్చింతగా తెలుగు చేశాను. ఈ చిన్న బోల్టులకు దాదాపు ఒక కిలోగ్రాము-మీటరు బిగింపే చాలు. నేను భుజబలం చూపగా చివరి బోల్టు మర కొట్టుకుపోయింది. పెద్దాయన ఏమీ అనలేదు. నా చేత బండినే తోయించి, లేతు పనివాని వద్ద ఇంజను కేసులోని ఆ రంధ్రానికి కొత్త మర వేయించాడు. రెండోసారి పానా తానే పట్టాడు. దారం తెగకుండా బిగువు ఎరిగిన వేళ్ళవి.

కొత్త ఆయిల్ పోసి కొద్దిసేపు ఇంజను తిప్పి, నీటి చాయ మిగలకుండా దాన్నీ దింపి, మళ్ళీ పోశాము. దింపినది మురుగు కాలువలో పోయక డబ్బాతో దుకాణానికిచ్చాము. రాత్రి బండి కింద పాత వార్తాపత్రిక పరిచాము. తెల్లవారి చూస్తే దానిమీద మరకలేదు. పెద్దాయన దాన్ని మడిచి సీటు కింద పెట్టుకుని, మూటలు కట్టి, వంతెన వైపు సాగిపోయాడు.