పక్క గదిలో అమ్మానాన్నలు

ఏడేళ్ల కొడుకు పక్కింటి చిన్నపాపతో హద్దుమీరి ప్రవర్తించాడని తెలిస్తే, తెనాలిలోనైనా రేపల్లెలోనైనా ముందు వాడి వీపు మోగుతుంది. తర్వాత తలుపులు మూసుకుంటాయి. ‘బయటికి పొక్కితే పరువేం గాను?’ ఆ భయంతో ఇద్దరు పిల్లలకూ అందాల్సిన సాయం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఒకే ఈడు పిల్లలకు ఒంటి గురించి కుతూహలం ఉండటం, వద్దంటే మానేయడం ఎదుగుదలలో భాగమే. వయసులో బాగా తేడా, బెదిరింపు, బలవంతం ఉన్నా, ఎంత చెప్పినా ఆగకపోయినా నిపుణుల దగ్గరికి తీసుకెళ్లాలి. అలాంటి పిల్లలందరూ లైంగిక హింసకు గురైనవాళ్లే కానక్కర్లేదు. ఫోన్‌లో కంటపడిన అశ్లీల వీడియోలు, ఇంట్లో కొట్లాటలు కూడా కారణం కావచ్చు.

ఇది నయమయ్యేదేనా?

అమెరికాలోని ఓక్లహామాలో ఇలాంటి నడత ఉన్న 5 నుంచి 12 ఏళ్ల పిల్లలను 135 మందిని చీటీ తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆటలతో చికిత్స, రెండోదానికి ఆలోచననూ నడతనూ సరిదిద్దే సీబీటీ. రెండూ 12 విడతలే. పదేళ్ల తర్వాత రికార్డులు తిరగేస్తే, లైంగిక నేరాల్లో పేరు కనిపించినవాళ్లు ఆటల జట్టులో 10 శాతం, సీబీటీ జట్టులో 2 శాతం. 2006లో వెలువడిన ఈ ఫలితాలు చూశాక ‘వీడింతే’ అని ఏ పిల్లాడి మీదా ముద్ర వేయకూడదు.

ఈ సీబీటీ చికిత్సలో పిల్లలు ఒక గదిలో ఉంటే పెద్దలు పక్క గదిలో ఉంటారు. ఒంటి విషయంలో హద్దులేమిటో, కోరిక పుట్టినప్పుడు ఎలా నిలదొక్కుకోవాలో పిల్లలు నేర్చుకుంటారు. కొట్టకుండా కట్టడి చేయడం, పిల్లల్ని ఒంటరిగా వదలకపోవడం, మంచి నడతను వెంటనే మెచ్చుకోవడం పెద్దల పాఠం. అంతకుముందు జరిగిన 11 అధ్యయనాలను 2008లో కలిపి చూస్తే, మార్పుకు గట్టి ఊతమైంది ఈ పెంపకం పాఠమే.

మన చట్టం కూడా ఈ దారినే చూపుతోంది. ఏడేళ్లలోపు బిడ్డ చేసినదేదీ నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్ చెబుతోంది. ఆపై వయసు పిల్లలకైతే, 2015 నాటి బాలల న్యాయ చట్టం 18వ సెక్షన్ ప్రకారం బిడ్డతో పాటు తల్లిదండ్రులకూ కౌన్సెలింగ్ ఇప్పించి ఇంటికి పంపే వీలుంది.

రేపల్లె నుంచి తెనాలి మీదుగా రైలెక్కితే గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంతదూరం వెళ్లేలోగా మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. బాలల రక్షణకు 1098. పక్కింటి పాపకు ‘తప్పు నీది కాదమ్మా’ అని చెప్పి, ఆమెనూ వైద్యులకు చూపించడం మాత్రం ఆ రోజే జరగాలి.