అరిసెలో దాగిన నీటి లెక్క

పొద్దున వండిన అన్నం మర్నాటికి పులిసి వాసన వస్తుంది. అదే బియ్యంతో అరిసెలు చేస్తే మూడు వారాలు దాటినా డబ్బాలో మెత్తగా, కమ్మగా ఉంటాయి. ఫ్రిజ్ అక్కర్లేదు, నిల్వ కోసం ఏ రసాయనమూ కలపనక్కర్లేదు. బియ్యం, బెల్లం, నువ్వులు, నెయ్యి, నూనె. సరుకంతా ఇంతే. మరి అన్నానికి లేని ఆయుష్షు అరిసెకు ఎలా వచ్చింది?

జవాబు నీటిలో ఉంది. అరిసెల వంట మొదలు నుంచి చివరి దాకా నీటిని అదుపులో పెట్టే పనే. ముందు బియ్యంలోకి నీటిని పంపుతాం. తర్వాత బెల్లం పాకంలోంచి నీటిని తరిమేస్తాం. నూనెలో మరికొంత ఆవిరి చేస్తాం. మిగిలిన కాస్త నీటినీ చక్కెరకు అప్పగిస్తాం. ధర్మామీటరు, తేమ కొలిచే పరికరం ఏవీ లేకుండానే మన ఇళ్లలో ఆడవాళ్లు తరతరాలుగా ఈ లెక్కను చేతివేళ్లతో తేల్చుకుంటూ వచ్చారు. ఆ నేర్పును శాస్త్రం కళ్లతో చూస్తే దాని మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.

పంట ఇంటికొచ్చిన వేళ

సార్వా వరి కోతలు, నూర్పిళ్లు ముగిసి ధాన్యం గాదెకు చేరేది చలికాలంలో. చెరకు గానుగలు జోరుగా ఆడేదీ అప్పుడే. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటైన అనకాపల్లికి ఆ రోజుల్లోనే కొత్త బెల్లం దిమ్మలు వస్తాయి. బియ్యం, బెల్లం రెండూ ఒకే కాలంలో చేతికందినప్పుడు వచ్చే పండగ సంక్రాంతి. ఆ రెండిటినీ కలిపి వండే పిండివంట అరిసె.

ఇది మనకే పరిమితం కాదు. తమిళనాట అధిరసం, కర్ణాటకలో కజ్జాయ, ఒడిశాలో అరిసా పిఠా, మహారాష్ట్రలో అనారసె దీని బంధువులే. తెలంగాణలో సంక్రాంతి అంటే సకినాలు ముందు గుర్తొస్తాయి. వాటికీ ఆధారం తడి బియ్యప్పిండే. తీపి బదులు ఉప్పు, వాము, నువ్వులు చేరతాయి. ఇక పసిబిడ్డ తొలి అడుగులు వేసినప్పుడు అరిసెల మీద నడిపించి, వాటిని ఇరుగుపొరుగుకు పంచే ఆచారం చాలా ఇళ్లలో ఉంది. పండగకే కాదు, ఇంట్లో ఏ శుభం జరిగినా ఈ వంటకు చోటుంది.

తడిపిండే ఎందుకు?

బజారులో దొరికే పొడి బియ్యప్పిండితో అరిసెలు చేయబోయి భంగపడినవాళ్లు చాలామంది. పెద్దవాళ్లు మాత్రం బియ్యాన్ని కనీసం ఒక రాత్రి నానబెట్టి, నీళ్లు వార్చి, తడి ఆరకముందే దంచుతారు లేదా మరపడతారు. జల్లించిన పిండిని అదిమిపెట్టి, గుడ్డ కప్పి ఉంచుతారు.

దీని వెనుక రెండు కారణాలున్నాయి. బియ్యపు గింజలో పిండిపదార్థం కంటికి కనిపించని సన్నని రేణువులుగా ఉంటుంది. ఎండు గింజను మరపడితే రాపిడికి, వేడికి ఈ రేణువులు చాలావరకు చితికిపోతాయి. చితికిన రేణువు నీటిని అతిగా పీలుస్తుంది. నానిన గింజ మెత్తబడి ఉంటుంది కాబట్టి, దంచినప్పుడు రేణువులు పెద్దగా దెబ్బతినకుండా విడివడతాయి. పిండి మెత్తగా వస్తుంది.

రెండో కారణం ఇంకా ముఖ్యం. నానిన బియ్యం తన బరువులో సుమారు నాలుగో వంతు నీటిని లోపలికి తీసుకుంటుంది. బియ్యప్పిండి ఉడకాలంటే వేడితోపాటు నీరూ కావాలి. నీరు పుష్కలంగా ఉంటే సుమారు 65 నుంచి 78 డిగ్రీల సెల్సియస్ మధ్య రేణువులు ఉబ్బి, జిగురుగా మారతాయి. కానీ చుట్టూ చిక్కటి బెల్లం పాకం ఉన్నప్పుడు చక్కెర నీటిని తనవైపు లాక్కుంటుంది. అప్పుడు పిండి ఉడకడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి. అందుకే నీటిని ముందుగానే పిండి లోపల దాచాలి. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలవాలన్న పరీక్ష ఆ తడి సరిపడా ఉందో లేదో చెబుతుంది. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు కూడా బియ్యం నానబెట్టి, వార్చి, మిక్సీలో పట్టి జల్లించుకుంటేనే అరిసె కుదురుతుంది.

పాకం చెప్పే ఉష్ణోగ్రత

ఈ వంటలో అందరూ భయపడేది పాకానికే. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అందులో చక్కెర ఉంటే అంతకన్నా ఎక్కువ వేడికి గాని మరగదు. మరుగుతున్నకొద్దీ నీరు ఆవిరైపోతుంది, చక్కెర చిక్కబడుతుంది, పాకం వేడి ఇంకా పెరుగుతుంది. అంటే మరుగుతున్న పాకం ఉష్ణోగ్రత చూస్తే అందులో ఎంత నీరు మిగిలిందో తెలిసిపోతుంది.

చక్కెర పాకానికి కట్టిన లెక్కలు ఇలా ఉంటాయి. 106 నుంచి 112 డిగ్రీల మధ్య తీగ పాకం, అందులో చక్కెర సుమారు 80 శాతం. 112 నుంచి 116 డిగ్రీల మధ్య మెత్తని ఉండ పాకం, చక్కెర సుమారు 85 శాతం. 120 దగ్గరికి వస్తే ఉండ గట్టిపడుతుంది. అది దాటితే ముదురు పాకం. బెల్లంలో ఇతర పదార్థాలు కూడా ఉంటాయి కాబట్టి ఈ అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి. గమనించాల్సింది మాత్రం ఒకటే. మెత్తని అరిసెకూ గట్టి అరిసెకూ మధ్య తేడా నాలుగైదు డిగ్రీలే. పొయ్యి మీద అది నిమిషాల వ్యవధి.

గిన్నెలో చన్నీళ్లు పెట్టుకుని, రెండు చుక్కల పాకం వేసి, వేళ్లతో ఉండ చేసి చూడటం ఈ తేడాను పట్టే పద్ధతి. నీళ్లలో పడగానే చుక్క చల్లారుతుంది. అప్పుడు దాని గట్టిదనం అందులో మిగిలిన నీటిని బట్టే ఉంటుంది. ఉండ చేతికి వచ్చి, నొక్కితే సాగేలా ఉంటే అరిసెకు తగిన పాకం. ఉండ కట్టకుండా నీళ్లలో కరిగిపోతే లేత పాకం. అలాంటి పాకంలో పిండి కలిపి చేసిన చలిమిడిలో నీరు ఎక్కువ. నూనెలో వేయగానే ఆ నీరంతా ఒక్కసారిగా ఆవిరై అరిసెను విడగొడుతుంది. ముదిరిన పాకంతో చేస్తే అరిసె విడిపోదు గాని పంటికి లొంగదు.

పంచదార కన్నా బెల్లం ఈ వంటకు బాగా ఒదగడానికీ కారణముంది. పంచదార దాదాపు పూర్తిగా సుక్రోజ్. బెల్లంలో సుక్రోజ్‌తోపాటు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా ఉంటాయి. ఒకే కొలత ఇటుకలు పేర్చి గోడ కడుతుంటే మధ్యలో గుండ్రాళ్లు అడ్డుపడినట్టు, ఈ రెండూ సుక్రోజ్ పలుకులు కట్టకుండా అడ్డుకుంటాయి. పైగా ఫ్రక్టోజ్ తేమను పట్టి ఉంచుతుంది. అరిసె రోజుల తరబడి మెత్తగా ఉండటంలో దాని పాత్ర పెద్దది.

నూనెలో ఏం జరుగుతుంది?

పాకంలో పిండి కలిపి చేసిన చలిమిడిని నువ్వులద్ది, ఆకు మీద తట్టి నూనెలో వేస్తాం. చుట్టూ బుడగలు లేస్తాయి. ఆ బుడగలు నూనెవి కావు, పిండిలోంచి బయటికొస్తున్న నీటి ఆవిరివి. ఆవిరి బయటికి తోసుకొస్తున్నంతసేపూ నూనె లోపలికి పెద్దగా పోలేదు. ఈలోగా లోపలి తడితో పిండి ఉడుకుతుంది. పైపొర ఆరి, ఎర్రగా మారుతుంది.

ఆ ఎర్రదనం, ఆ వాసన మయార్ చర్య వల్ల వచ్చేవి. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ లాంటి చక్కెరలు బియ్యంలోని అమైనో ఆమ్లాలతో వేడిలో కలిసి వందల కొద్దీ రుచి, వాసన పదార్థాలను పుట్టిస్తాయి. ఫ్రాన్స్ శాస్త్రవేత్త లూయీ కామీ మయార్ 1912లో దీన్ని వివరించాడు. బెల్లంలో ఈ చక్కెరలు ముందే ఉన్నాయి కాబట్టి అరిసె త్వరగా రంగు తేలుతుంది. అందుకే మంట మధ్యస్థంగా ఉండాలి. నూనె మరీ కాగితే లోపల ఉడకకముందే పైన మాడుతుంది.

చెక్కల నడుమ కీలకమైన నిమిషం

నూనెలోంచి తీసిన అరిసెను వెంటనే రెండు చెక్కల మధ్య, లేదా రెండు చిల్లుల గరిటెల మధ్య పెట్టి నొక్కుతారు. కాస్త ఆగి నొక్కితే ఏమవుతుందని అడిగితే, నూనె దిగదని పెద్దవాళ్లు చెబుతారు. ఈ మాట ఆహార శాస్త్రం చెప్పేదానితో సరిగ్గా సరిపోతుంది.

వేపుళ్ల మీద జరిగిన పరిశోధనల్లో తేలిన విషయమేమిటంటే, వేగిన పదార్థంలోకి నూనె ఎక్కువగా చేరేది మూకుట్లో ఉన్నప్పుడు కాదు, బయటికి తీశాక. చల్లారేటప్పుడు లోపలి ఆవిరి తిరిగి నీరవుతుంది. ఆవిరి ఖాళీ చేసిన సందుల్లో పీడనం పడిపోతుంది. అప్పుడు పైన అంటుకుని ఉన్న నూనె లోపలికి లాగబడుతుంది. ఆ లాగుడు మొదలయ్యేలోపే పై నూనెను పిండేస్తే లోపలికి పోవడానికి పెద్దగా మిగలదు. అరిసెల చెక్క చేసే పని అదే. ఏ ప్రయోగశాలా చెప్పకముందే ఈ సంగతిని పట్టుకుని, దానికో పనిముట్టు చేసుకున్న మన వంటిళ్ల తెలివి గర్వించదగ్గది.

డబ్బాలో ఎందుకు పాడవదు?

సూక్ష్మజీవులు పెరగడానికి నీరు ఉంటే చాలదు, అది వాటికి అందాలి. అందుబాటులో ఉన్న నీటికి వాటర్ యాక్టివిటీ అని ఒక కొలత ఉంది. స్వచ్ఛమైన నీటికి అది 1. అన్నంలో 1కి చాలా దగ్గరగా ఉంటుంది. 0.9 కన్నా తగ్గితే ఎక్కువ రకాల బ్యాక్టీరియా పెరగలేవు. 0.8 కన్నా దిగితే చాలా బూజులూ ఆగిపోతాయి. అరిసెలో నీరు తక్కువ, ఉన్నదీ చక్కెర పట్టులో ఉంటుంది. సూక్ష్మజీవులకు దక్కదు.

చక్కెర ఇంకో మేలూ చేస్తుంది. ఉడికిన పిండిపదార్థం చల్లారాక మళ్లీ బిగుసుకుంటుంది. రాత్రి అన్నం పొద్దునకు గట్టిపడేది అందుకే. చక్కెర ఈ బిగుసుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది. ఫ్రిజ్ చల్లదనం దాన్ని వేగిరం చేస్తుంది. కాబట్టి అరిసెలకు ఫ్రిజ్ మేలు చెయ్యదు. పూర్తిగా చల్లారనిచ్చి, పొడి డబ్బాలో పెట్టి, తడి చెయ్యి తగలకుండా చూసుకోవాలి. వేడి మీదే మూత పెడితే ఆవిరి నీరై, బూజుకు దారి ఇస్తుంది. గాలిలో తేమ తక్కువగా ఉండే చలికాలం ఈ నిల్వకు అనుకూలం. అదే వానాకాలమైతే చక్కెర గాలిలోని తేమను పీల్చి అరిసె జిగటగా తడుస్తుంది.

ఆరోగ్యం మాటా చెప్పుకోవాలి. నువ్వుల బరువులో దాదాపు సగం నూనె, ఐదో వంతు దాకా మాంసకృత్తులు ఉంటాయి. బెల్లంలో కొన్ని ఖనిజాలున్నా, చాలావరకు అది చక్కెరే. మధుమేహం ఉన్నవాళ్లకు బెల్లం పంచదార కన్నా క్షేమమనుకోవడం పొరపాటు. కోతల్లో, నూర్పిళ్లలో రోజంతా ఒళ్లు వంచినవాళ్లకు అరిసె మంచి శక్తి. కూర్చుని పనిచేసే మనకు అది పండగ తిండిగా మిగిలితేనే మంచిది.

నలుగురి చేతి వంట

పాకం దించిన క్షణం నుంచి చల్లారుతూ చిక్కబడుతుంది. పిండిని ఆ కొద్ది సమయంలోనే పోసి ఉండ కట్టకుండా కలపాలి. ఒకరు పోస్తుంటే ఒకరు తెడ్డుతో తిప్పాలి. తర్వాత ఒకరు తట్టాలి, ఒకరు వేయించాలి, ఒకరు వెంటనే నొక్కాలి. అత్తాకోడళ్లు, తోడికోడళ్లు, పక్కింటి పిన్నిగారు అందరూ కలిసి కూర్చోవడం సరదా కోసమే కాదు, ఈ వంటకు అది అవసరం. పదార్థం చల్లారే వేగమే మనుషుల్ని ఒకచోటికి చేర్చింది.

ఇప్పుడు చాలా ఇళ్లలో అరిసెలు స్వీటు దుకాణం నుంచే వస్తున్నాయి. అందులో తప్పు లేదు. కానీ పాకం పట్టగల చేయి ఇంట్లో ఉండగానే ఆ విద్యను అందుకోవాలి. వచ్చే సంక్రాంతికి అమ్మమ్మ పక్కన ఒక వంట ధర్మామీటరు పట్టుకుని కూర్చోండి. ఆమె చాలన్నప్పుడు అంకె ఎంతుందో రాసుకోండి. బియ్యం ఎంతసేపు నానిందో, ఎంత బెల్లం పట్టిందో, పిండి ఎంత తడిగా ఉందో రాసుకోండి. పిల్లలతో ఆ ఉండ పట్టించండి. బడిలో చదివిన ద్రావణాలు, మరుగు స్థానం, పీడనం వాళ్ల వేళ్లకు తగిలేది అక్కడే. ఆమె తర్వాత ఆ ఇంట్లో పాకం పట్టాల్సింది వాళ్లే.