కాళ్ళతో మొదలయ్యే పాట

"పాటకి కసరత్తు యెందుకండీ? కుస్తీ పట్టబోతున్నారా?" అని మా ఆవిడ నవ్వింది. కిందటి యేడు యెవరైనా ఈ మాట చెబితే నేనూ నవ్వివుండేవాణ్ణి.

మా కాలేజీ వార్షికోత్సవానికి బృందగానం తయారుచేసే పని, తెలుగు పంతుల్ని గనుక, నా నెత్తిన పడింది. పదిహేనుమంది పిల్లలు. గుంజల్లా వరసగా నిలబెట్టి, "కదలకండి" అని గద్దించి పాడించాను. మూడో చరణానికి వచ్చేసరికి శ్రుతి జారేది. ఊపిరి చాలక చివరి అక్షరాలు మింగేసేవారు. దోషమంతా ఒక అమ్మాయిదే ననుకున్నాను. "నీకు గొంతు లేదమ్మా" అని పక్కన కూర్చోబెట్టాను. ఆ పిల్ల మారు మాట్లాడలేదు.

శివరాత్రికి అందరినీ రామతీర్థం తీసుకువెళ్ళాను. రాముడి క్షేత్రంలో శివరాత్రి తీర్థమేమిటని అడగకండి; ఆ వూరి సంప్రదాయం అది! బౌద్ధ శిథిలాలు చూపిద్దామని గురుభక్తుల కొండ యెక్కించాను. ఆ అమ్మాయి యేదో కూనిరాగం తీస్తూ ముందు నడిచింది. నేను రొప్పుతున్నాను గనుక వినిపించుకోలేదు.

కిందికి వచ్చేసరికి తీర్థంలో తప్పెటగుళ్ళు ఆడుతున్నారు. మీరు చూసే వుంటారు: రొమ్మున తప్పెట, కాళ్ళకి గజ్జెలు; గెంతుతూ, వంగుతూ, ఒకరి భుజాలమీది కొకరు యెక్కుతూ, గుంపంతా ఒక్క గొంతుతో అందుకుంటారు. యెంతసేపటికీ పాట జారదు. ఆట ఆగినప్పుడు పెద్దాయన్ని, "తాతా, ఆయాసం రాదా?" అని అడిగాను.

"పీకతో పాడితే పీక పోద్ది బాబూ. ముందల కాళ్ళాడించి, ఒళ్ళు ఏడెక్కినాక నోరిప్పుతాం," అన్నాడు.

నాకు సిగ్గు వేసింది. విజయనగరం సంగీత కళాశాల 1919లో పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఆయన హరికథ చెప్పింది కాలికి గజ్జె కట్టి, ఆడుతూనే గదా! అదే వూళ్ళో కోడి రామమూర్తినాయుడుగారు పిల్లలకి వ్యాయామం నేర్పారు. పాట వేరు, కసరత్తు వేరు అని మధ్య గోడ కట్టింది నాబోటివాళ్ళే.

ఊపిరితిత్తుల అడుగున గొడుగులాంటి కండరం ఒకటున్నది. గాలి పీల్చినప్పుడు అది కిందికి దిగుతుంది. పొట్ట ముందుకు వస్తుంది. భుజాలు బిగించి, మోకాళ్ళు కర్రల్లా పెట్టి నిలబడితే పక్కటెముకలు బాగా విచ్చుకోవు, గాలి పైపైనే ఆడుతుంది. ఆ లోటు పూడ్చడానికి గొంతు బిగుసుకుంటుంది. ఇక శ్రుతి జారక యేం చేస్తుంది?

మరునాటినుంచి సాధనకి ముందు పది నిమిషాలు కేటాయించాను. భుజాలు వెనక్కి తిప్పడం, చేతులెత్తి పక్కలకి వంగడం, వున్నచోటనే నడక. మెడని గిర్రున విసరనివ్వను. ఊపిరి కుదుటపడ్డాక, పసిపిల్లలు బండి తోలినట్టు పెదవులు బుర్రుమనిపిస్తూ కింది స్వరంనుంచి పైకీ, పైనుంచి కిందికీ. తరువాత నోరు మూసి మకారం. ఆఖరున సరళివరసలు, అడుగుకొక స్వరం చొప్పున గదంతా నడుస్తూ. మొదటి రోజు నవ్వులతోనే సరిపోయింది. నవ్వుకూడా పొట్టకి మంచి కసరత్తే ననుకోండి. గొంతు నొప్పిగా వున్నవాళ్ళని మాత్రం పాడనివ్వలేదు. రెండు మూడు వారాలైనా బొంగురు తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోవలసిందే.

నెల తిరిగాక ఆ అమ్మాయిని పిలిచాను. రానన్నది.

"తప్పు నాదమ్మా," అన్నాను.

వచ్చింది. అడుగులు వేస్తూ పాడింది. పెద్ద గొంతు కాదు. కాని స్వరం నిలబడింది. వార్షికోత్సవంనాడు రెండో వరసలో నిలిచింది. మూడో చరణం వచ్చింది. తెర చాటునుంచి నేను ఆమె మోకాళ్ళవంకే చూస్తున్నాను. తాళానికి కొద్ది కొద్దిగా వంగుతున్నాయి.