నాణెం మీద పేరు ఎవరిది?

నల్లసముద్ర తీరంలో గ్రీకు వర్తకులకు, సిథియన్ రాజులకు మధ్య అధికారం ఎటు మొగ్గిందో చెప్పే లోహపు సాక్ష్యాలు

డాల్ఫిన్ ఆకారంలో కంచు డబ్బు పోతపోసిన నగరం ఒల్బియా. నేటి ఉక్రెయిన్‌లో, దక్షిణ బుగ్ నది సముద్రాన్ని చేరేచోట మిలెటస్ నుంచి వచ్చిన గ్రీకులు క్రీ.పూ. 6వ శతాబ్దంలో దీన్ని నెలకొల్పారు. ఇక్కడి నుంచి ధాన్యం, బానిసలు ఎగుమతయ్యేవారు. ద్రాక్షసారా, ఆలివ్ నూనె దిగుమతయ్యేవి. ఊరి గోడ దాటితే మాత్రం గుర్రాల మీద తిరిగే సిథియన్లదే రాజ్యం. వారి దయ లేనిదే వ్యాపారం సాగదు.

ఆ దయకు చెల్లించిన ధర నాణేల్లో కనిపిస్తుంది. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఒల్బియా వెండి నాణేలపై 'ఎమినాకోస్‌ది' అని ఉంది. అది గ్రీకు పేరు కాదు. పక్కనే వింటికి నారి బిగిస్తున్న హెరాక్లిస్. హెరొడోటస్ చెప్పిన ఒక గాథ ప్రకారం సిథియన్ రాజవంశానికి మూలపురుషుడు అతడే. ఎమినాకోస్ సిథియన్ రాజో, అతని ప్రతినిధో అయి ఉంటాడని చాలామంది పండితుల అభిప్రాయం. కాదనేవారూ ఉన్నారు.

రెండు లోకాల మధ్య నలిగినవాడు స్కైలిస్. గ్రీకు తల్లికి పుట్టిన ఈ సిథియన్ రాజు సైన్యాన్ని ఒల్బియా బయట నిలిపి, లోపల గ్రీకు దుస్తుల్లో తిరిగేవాడు. డయొనిసస్ పూజలో ఊగిపోతూ సొంత మనుషులకు చిక్కాడు. తిరుగుబాటు లేచింది, చివరకు సోదరుడే తల నరికించాడు. ఇదీ హెరొడోటస్ కథనం. స్కైలిస్ కల్పిత పాత్ర కాదని నీస్టర్ తీరంలోని నికోనియన్‌లో దొరికిన, అతని పేరున్న నాణేలు తేల్చాయి.

క్రీ.పూ. 200 ప్రాంతపు ఒల్బియా శాసనం మరింత సూటిగా మాట్లాడుతుంది. సైటాఫర్నీస్ అనే తెగరాజు కానుకలు అడిగితే ఖజానా ఖాళీ. ప్రొటోజెనీస్ అనే ధనికుడు ఒకసారి 400, మరోసారి 900 బంగారు నాణేలిచ్చి గట్టెక్కించాడు. కుదువపెట్టిన దేవుడి పాత్రలు టంకశాల పాలుకాకుండా కాపాడిందీ అతడే. తర్వాతి శతాబ్దంలో క్రిమియా సిథియన్ రాజు స్కిలూరస్ ఏకంగా ఒల్బియాలోనే తన పేర నాణేలు ముద్రించుకున్నాడు. అది లొంగుబాటా, రక్షణ కోసం కుదిరిన ఒప్పందమా అన్నది నేటికీ చర్చే.

సిథియన్ల బంధుజాతి అయిన శకులు మన దేశంలోనూ ఇదే భాష మాట్లాడారు. అజెస్ నాణేలపై ఒకవైపు గ్రీకు, మరోవైపు ఖరోష్ఠి. నాసిక్ ప్రాంతంలోని జోగల్తంబిలో 1906లో బయటపడిన నహపాణుడి వెండి నాణేలు 13,000కు పైనే. వాటిలో అధిక భాగంపై శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. గెలుపును చాటడానికి అంతకు మించిన ప్రకటన అక్కర్లేదు.

ఆ వారసత్వంపై పేచీ మాత్రం తెగలేదు. 2014లో రష్యా క్రిమియాను కలిపేసుకున్నప్పుడు అక్కడి మ్యూజియంల సిథియన్ సంపద ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో ఉంది. అది ఉక్రెయిన్‌కే చెందుతుందని డచ్ సుప్రీంకోర్టు తేల్చేసరికి 2023 వచ్చింది. అదే ఏడాది నవంబరులో ఆ వస్తువులు కీవ్ చేరాయి, క్రిమియాకు కాదు.