గురి కుదరాలంటే మర బిగియాలి
రైఫిల్ మరల ఎంపికలో పాటించాల్సిన మెళకువలు

సనత్‌నగర్: మర, నట్టు, వాషర్‌లకు కొదవలేని ప్రాంతం సనత్‌నగర్. పారిశ్రామికవాడలోని లేత్ షాపుల్లో చిన్న మర కావాలన్నా నిమిషాల్లో తయారవుతుంది. అయితే పోటీల్లో వాడే బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కు మర మార్చాలంటే మాత్రం తొందరపాటు తగదు. సరిపోని మరతో పోటీలో పాయింట్లు పోతాయి. రైఫిల్‌ను చెడగొట్టుకునే ప్రమాదమూ ఉంది.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల విభాగంలో స్వప్నిల్ కుసాలే 451.4 పాయింట్లతో కాంస్యం సాధించిన తర్వాత ఈ క్రీడ పేరు ఇంటింటికీ చేరింది. ఈ పోటీలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు మాత్రమే.

సడలితే ఏమవుతుంది?

గొట్టం, బోల్ట్ ఉండే రిసీవర్‌ను పిడికి పట్టి ఉంచేవి సాధారణంగా రెండు మరలే. ప్రతి కాల్పుకూ రైఫిల్ ఒకే తీరున వెనక్కి తన్నాలి. మర సడలితే రిసీవర్ ఒక్కోసారి ఒక్కో చోట కూర్చుంటుంది. గుండ్లు చెల్లాచెదురవుతాయి. కారణం తెలియక క్రీడాకారుడు సైట్‌ను తిప్పుతాడు, ఖరీదైన తూటాలు మారుస్తాడు. లోపం మాత్రం అలాగే ఉండిపోతుంది. కర్ర పిడి వానాకాలంలో ఉబ్బి వేసవిలో కుంచించుకుపోతుంది కనుక రుతువు మారినప్పుడల్లా బిగింపును సరిచూడాలి.

కొలత ముఖ్యం

యూరప్ మ్యాచ్ రైఫిళ్లలో ఎక్కువగా ఎం6 మరలుంటాయి. వీటి వ్యాసం 6 మిల్లీమీటర్లు, పిచ్ 1 మిల్లీమీటరు. అమెరికా రైఫిళ్లలో కనిపించే పావు అంగుళం మర వ్యాసం 6.35 మిల్లీమీటర్లు, అంగుళానికి 28 చుట్లు. చూపునకు రెండూ ఒకటే అనిపిస్తాయి. ఒకదాని స్థానంలో మరొకటి బలవంతంగా తిప్పితే చుట్లు తెగుతాయి. లీ-ఎన్‌ఫీల్డ్ వంటి పాత రైఫిళ్లది బ్రిటిష్ కొలత. వాటికి మెట్రిక్ మరలు సరిపోవు. పాత మరను వెంట తీసుకెళ్లి, పిచ్ గేజ్‌తో సరిచూసుకున్నాకే కొత్తది కొనాలి.

పొడవు విషయంలోనూ జాగ్రత్త అవసరం. పొట్టిదైతే చుట్ల పట్టు చాలదు. మర లావుకు సమానమైన పొడవైనా లోపల పట్టాలి. పొడవెక్కువైతే కొన బోల్ట్‌కు తగులుతుంది. మర బిగించాక బోల్ట్ అడ్డులేకుండా కదులుతుందో లేదో చూడాలి.

లోహం, బిగింపు

తలపై 8.8, 10.9, 12.9 అనే అంకెలు ఉక్కు బలాన్ని తెలుపుతాయి. అంకె పెరిగేకొద్దీ బలం పెరుగుతుంది. స్టెయిన్‌లెస్ మర తుప్పును తట్టుకుంటుంది. కానీ రిసీవర్ కూడా స్టెయిన్‌లెస్ అయితే చుట్లు ఒకదానికొకటి కరుచుకుపోవచ్చు. పిడిలో అల్యూమినియం పిల్లర్లుంటే కర్ర నలగదు, బిగువు నిలుస్తుంది.

చేతి అంచనాను నమ్మకుండా టార్క్ రెంచ్ వాడాలి. మ్యాచ్ రైఫిళ్లకు సాధారణంగా 4 నుంచి 6 న్యూటన్ మీటర్ల బిగింపు ఉంటుంది. తయారీదారు చెప్పిన అంకే ప్రమాణం. రెండు మరలనూ మార్చిమార్చి కొద్దికొద్దిగా బిగించాలి. పనికి ముందు తూటాలు తీసేసి, బోల్ట్ బయటకు లాగి, గది ఖాళీగా ఉందని చూసుకోవాలి.

లేత్ షాపులకు హెచ్చరిక

రిసీవర్‌లో చుట్లు పాడైతే సమీపంలోని లేత్ షాపును ఆశ్రయించకూడదు. ఆయుధాల చట్టం 1959లోని సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేనివారు తుపాకుల మరమ్మతు చేపట్టరాదు. 2019 సవరణ తర్వాత ఈ నేరానికి కనీస శిక్ష ఏడేళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. తెలిసిన కుర్రాడే కదా అని లేత్‌పై చేసి పెట్టే చిన్న సాయం షాపు యజమానిని కటకటాల వెనక్కి నెట్టగలదు. ఇలాంటి పనిని లైసెన్సు ఉన్న తుపాకుల మరమ్మతుదారుకే అప్పగించాలి.