రక్తదాత మనస్సు

దానములలో అన్నదానము గొప్పదనియు, విద్యాదానము అంతకంటె గొప్పదనియు మన పెద్దలు చెప్పుదురు. పావురమును కాపాడుటకై తన శరీరమునుండి మాంసమును కోసి యిచ్చిన శిబి చక్రవర్తి కథ మీరు వినియే యుందురు. శిబి యెదుట ఆ పావురము భయముతో వణకుచుండెను. నేటి రక్తదాత యెదుట అట్టి ప్రాణి ఏదియు లేదు. తన రక్తము ఏ యూరివానికి, ఏ మతమువానికి చేరునో అతడెరుగడు. పుచ్చుకొన్నవాడును దాత పేరెరుగడు. అయినను లోకములో లక్షలకొలది జనులు ఈ దానము చేయుచున్నారు. వారిని ప్రేరేపించునది ఏది?

రక్తమునకు బదులైన వస్తువును నేటివరకు ఏ కర్మాగారమును తయారుచేయలేదు. దానిని చిరకాలము దాచుటయు సాధ్యము కాదు. ఎర్రకణములు చల్లని చోట నుంచినను సుమారు ఆరు వారములే నిలుచును. ప్లేట్‌లెట్లను సాధారణముగా అయిదు దినములే వాడవచ్చును. కావున ఎవరో ఒకరు నిత్యము ఇచ్చుచుండవలెను.

పలువురు రక్తము ఇయ్యకుండుటకు కారణము కఠినహృదయము కాదు. వారిని ఎవరును అడుగకపోవుట ఒక కారణము. 1921లో లండను నగరమందలి కింగ్స్ కాలేజీ ఆసుపత్రివారు, ఒక రోగికి రక్తము కావలెనని రెడ్‌క్రాస్ శాఖకు టెలిఫోను చేసిరి. ఆ శాఖ కార్యదర్శి పెర్సీ ఆలివర్ తన సహచరులతో వెంటనే వెళ్ళెను. వారిలో ఒక నర్సు రక్తము రోగికి సరిపడెను. పిలిచినచో వచ్చువారు ఉందురని ఆలివర్ గ్రహించి, అట్టివారి జాబితా నొకదానిని సిద్ధపరచెను. స్వచ్ఛంద రక్తదాన సేవకు అది నాంది.

రెండవ ఆటంకము భయము. దానిని కృతజ్ఞత జయింపగలదు. ఆస్ట్రేలియా వాసి జేమ్స్ హారిసన్‌కు 1951లో, పదునాలుగేండ్ల వయస్సున, పెద్ద శస్త్రచికిత్స జరిగెను. ముక్కు మొగము తెలియనివారి రక్తమే అతనిని బ్రతికించెను. పెద్దవాడనైన పిదప నేనును రక్తమిత్తునని అతడు ప్రతిన పూనెను. అతనికి సూది యన్న భయము. ఏనాడును సూది గ్రుచ్చుట చూడలేదు, మొగము త్రిప్పుకొనెడివాడు. అయినను 1954 మొదలు 2018 వరకు 1,173 మార్లు దానము చేసెను. కణములను తిరిగి శరీరమునకు చేర్చి ప్లాస్మాను మాత్రమే గ్రహించు పద్ధతి యుండుటచేత ఇన్ని మార్లు సాధ్యమయ్యెను. అతని ప్లాస్మాలోని అరుదైన పదార్థముతో చేసిన మందు 24 లక్షల శిశువులకు మేలుచేసెనని ఆస్ట్రేలియా రెడ్‌క్రాస్ సంస్థ లెక్కవేసినది.

ధనమిచ్చినచో దాతలు పెరుగరా యని మీరు అడుగవచ్చును. 2008లో స్వీడన్ పరిశోధకు లిరువురు ఒక పరీక్ష ఫలితములను ప్రకటించిరి. ప్రతిఫలము లేనప్పుడు నూటికి 52 మంది స్త్రీలు రక్తదాతలగుటకు ముందుకు వచ్చిరి. సొమ్ము ఇత్తుమనగా ఆ సంఖ్య 30కి పడిపోయెను! ఆ సొమ్మును ధర్మకార్యమునకు ఇయ్యవచ్చునని చెప్పగా తిరిగి 53 అయ్యెను. పురుషులలో మాత్రము చెప్పదగిన మార్పు కానరాలేదు. దానమును బేరముగా మార్చినచో కొందరి మనస్సు చిన్నబోవునని దీనివలన తెలియుచున్నది. పైగా ధనమునకై వచ్చువాడు తన రోగమును దాచవచ్చును; దానమునకై వచ్చువానికి దాచవలసిన పని లేదు. మన సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పును అనుసరించి, 1998 జనవరి 1 నుండి మన దేశమున రక్తము అమ్ముకొనుట నిషేధింపబడెను.

దాతకు కలుగు తృప్తియు ఒక ప్రేరణయే. అది స్వార్థమే కదా యని కొందరందురు. బిడ్డకు అన్నము పెట్టి సంతసించు తల్లిని స్వార్థపరురాలందుమా? తొలిసారి బంధువుకొరకో, మిత్రుల ప్రోద్బలముచేతనో ఇచ్చినవాడు, నాలుగైదు మార్లు ఇచ్చిన పిదప ‘నేను రక్తదాతను’ అని తలంచును. అప్పుడు ఇంకొకరు ప్రేరేపింపవలసిన అవసరముండదు. అలవాటు స్వభావమగును.

మన దేశమున 18 ఏండ్లు నిండి, 45 కిలోల బరువునకు తగ్గక, ఆరోగ్యవంతులైనవారు రక్తమియ్యవచ్చును. ఒకమారు 350 లేక 450 మిల్లీలీటర్లు తీసికొందురు. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకమారు ఇయ్యవచ్చును. బాలబాలికలారా! మీకింకను ఆ వయస్సు రాలేదు. కాని అడుగుటకు వయోనియమము లేదు. మీ ఇంటి పెద్దలలో, ఒక్కరు అడిగినచో ఇచ్చువారు ఎందరో ఉందురు. ఆ అడుగువారు మీరే ఏల కారాదు?