బిద్రీ కళ – పునరాదరణ

గత రెండు మూడు దశాబ్దాలుగా కళాప్రపంచంలో ఒక మార్పు స్పష్టంగా కనిపిస్తున్నది. చిత్రలేఖనం, శిల్పం మాత్రమే కళలనీ, నేతపని, కుండపని, లోహపుపని, చెక్కపని కేవలం చేతిపనులనీ ఐరోపా ఒకప్పుడు గీసిన గీత క్రమంగా చెరిగిపోతున్నది. ఇస్లామీయ సంప్రదాయంనుండి ప్రేరణ పొందిన సమకాలీన కళకు, డిజైనుకు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 2009లో జమీల్ బహుమతిని ప్రారంభించినది. ఇరాన్ దేశపు దర్గాలలో కనిపించే అద్దపు పొదుగుపనిని ఆధునిక కళగా మలచిన మునీర్ షాహ్‌రూదీ ఫర్మాన్‌ఫర్మాయాన్ కృతులను న్యూయార్కులోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియం 2015లో ప్రదర్శించినది. అదే సంవత్సరం అదే నగరంలో మెట్రోపాలిటన్ మ్యూజియం దక్కను సుల్తానుల కాలపు కళాఖండాలను ప్రదర్శనకు పెట్టగా, వాటిలో బిద్రీ వస్తువులు కూడా చోటు చేసుకున్నవి.

ముస్లిం సమాజాలలో ఆ గీత అంత గట్టిగా ఎన్నడూ లేదు. ఖత్తాతీకి, అనగా సుందర లేఖనానికి, అగ్రస్థానం ఉండిన మాట నిజమే. అయినా కంచరి, వడ్రంగి, సాలె చేసే పనికి అరబ్బీలో ఉన్న 'సనాఅత్' అనే మాటలో నేర్పు, ఉపయోగం, అందం మూడూ ఇమిడి ఉన్నవి. దివ్య ఖుర్ఆన్ సబా సూరాలో దావూద్ ప్రవక్త (అ) ప్రస్తావన వచ్చినచోట అల్లాహ్ ఆయనకు ఇనుమును మెత్తబరచినట్లు, కవచపు కడియాలను సరియైన కొలతతో కూర్చవలసినదిగా ఆదేశించినట్లు ఉన్నది. ఒక ప్రవక్తకు చేసిన ఉపదేశంలో లోహపు కడియం కొలత గురించిన మాట రావడం తేలికగా దాటిపోదగిన విషయం కాదు. ఆయన తన చేతి కష్టంతోనే భుజించేవారని హదీసు గ్రంథాలు పేర్కొంటున్నవి.

చేతిపనులకు నేడు లభిస్తున్న ఆదరణ ఎంతవరకు నిండైనదో తెలుసుకొనడానికి మన దక్కనులోనే పుట్టి పెరిగిన బిద్రీ పని మంచి ఉదాహరణ.

బహమనీ సుల్తాను అహమద్ షా వలీ (1422–1436) తన రాజధానిని గుల్బర్గానుండి బీదరుకు మార్చినాడు. అటుపిమ్మట ఇరాన్, ఇరాక్, మధ్య ఆసియాలనుండి పండితులు, సూఫీలు, వాస్తుశిల్పులు, పనివారు ఈ నగరానికి వచ్చి చేరినారు. గీలాన్ ప్రాంతంనుండి వచ్చి మంత్రిపదవిని అధిష్ఠించిన మహమూద్ గవాన్ 1472లో నిర్మించిన మదర్సా గోడలపై రంగు పెంకుల పని నేటికీ కొంత మిగిలి ఉన్నది. బిద్రీ పనిని కూడా ఇరాన్‌నుండి వచ్చిన ఒక ఉస్తాద్ ఈ కాలంలోనే తెచ్చినాడని పనివారి కుటుంబాలలో ఒక ఐతిహ్యం ప్రచారంలో ఉన్నది. అయితే ఇప్పుడు దొరుకుతున్న బిద్రీ వస్తువులలో మిక్కిలి పాతవి 16వ శతాబ్ది చివరినో, 17వ శతాబ్దికో చెందినవిగా భావించబడుతున్నవి. కాబట్టి ఐతిహ్యానికీ వస్తువులకూ మధ్య నూరేండ్లకు పైబడిన ఎడం ఉన్నది. బీదరు కోటలో బరీద్‌షాహీ పాలకుడు అలీ బరీద్ కాలపు రంగీన్ మహలులో నల్లరాతిలో ముత్యపుచిప్ప పొదిగిన పనిని చూచినవారికి మాత్రం, నల్లని నేలపై తెల్లని మెరుపు అనే రుచి ఆ ఊరిలో ఎంతగా పాతుకుపోయినదో అర్థమవుతుంది.

బీదరు 17వ శతాబ్దిలో మొగలుల వశమై, తరువాత ఆసఫ్‌జాహీల ఏలుబడిలోనికి వచ్చినది. 1948 వరకు అది హైదరాబాదు సంస్థానంలోని భాగమే. 1956లో మైసూరు రాష్ట్రంలో చేరినది. బిద్రీ పనివారికీ హైదరాబాదు నగరానికీ సంబంధం ఆ సరిహద్దుతో తెగిపోలేదు. నవాబుల ఇండ్లలోని హుక్కాలు, పాన్‌దాన్‌లు, సురాహీలు, చేతులు కడిగించే చిలంచీలు ఈ పనివారు చేసినవే. సాలార్‌జంగ్ మ్యూజియంలోని సేకరణను ఒక పూట తీరికగా చూస్తే ఆ నగరపు పాత మర్యాదలన్నీ వరుసగా కళ్లముందు నిలుస్తవి.

ఇక పని జరిగే తీరు. బిద్రీ లోహంలో ముఖ్యమైనది తుత్తునాగం, అనగా జింకు. దానిలో కొద్దిగా రాగి కలుపుతారు. 16 పాళ్లు తుత్తునాగానికి 1 పాలు రాగి అనేది వాడుకలో ఉన్న లెక్క. మట్టిలో ఆముదం, గుగ్గిలం కలిపి మూస తయారుచేసి, కరగిన లోహాన్ని అందులో పోస్తారు. చల్లారిన వస్తువు బూడిద వన్నెలో గరుకుగా ఉంటుంది. దానిని ఆకురాయితో నునుపుచేసి మైలుతుత్తం నీళ్లతో రుద్దితే పైన తాత్కాలికంగా నల్లని పూత ఏర్పడుతుంది. నమూనా గీయడానికి అది పలకవలె పనికివస్తుంది. ఉస్తాద్ సన్నని ఉక్కుమొనతో, అచ్చు లేకుండా, కంటికొలతతోనే లతలను, పూలను గీస్తాడు. ఆ గీతల వెంట చిన్న ఉలులతో కాలువలు తవ్వుతారు. కాలువ పైన ఇరుకుగా, అడుగున కొంచెం వెడల్పుగా ఉండాలి. అప్పుడే సుత్తి దెబ్బకు వెండి లోపలికి పరచుకొని పట్టుకుంటుంది. జిగురుతోగాని మాటుతోగాని పని లేదు. కాలువ సరిగా లేకపోతే ఏండ్లు గడిచిన తరువాత వెండి లేచి వస్తుంది. పాత వస్తువులలో ఊడిపోయిన రేకుల చోటును చూచి ఏ చేయి నేర్పరిదో, ఏది కాదో చెప్పవచ్చును.

వెండి పొదగడంలో భేదాలున్నవి. తీగను పొదిగితే తార్‌కషీ, రేకును కత్తిరించి పొదిగితే తెహ్‌నిషాన్. వస్తువునంతటినీ వెండి రేకుతో కప్పి, నమూనా మాత్రం నల్లగా కనబడేటట్లు రేకును కోసే పద్ధతిని ఆఫ్తాబీ అంటారు. మొగలు అభిరుచినుండి వచ్చిన గసగసాల మొక్క, దక్కనువారికి ప్రియమైన చేపపొలుసుల అల్లిక ఈ పనిలో తరచుగా కనిపిస్తవి.

పొదుగు పూర్తి అయిన తరువాత వస్తువును మళ్లీ రుద్దుతారు. పై పూత పోయి, వెండి ఏదో తుత్తునాగం ఏదో తెలియనంత తెల్లగా మారుతుంది. నెలల తరబడి చేసిన పని మాయమైపోయినట్లే కనిపిస్తుంది. అప్పుడు కోటలోని మట్టి వస్తుంది. ఎండా వానా తగలని పాత కట్టడాలలోని మట్టిని తెచ్చి, నవాసారంతో, నీటితో కలిపి, గోరువెచ్చగా కాచిన వస్తువుపై పూస్తారు. కొద్దిసేపటిలో లోహం కారునలుపుకు మారుతుంది. వెండికి ఏమీ కాదు. మంచి మట్టిని అనుభవజ్ఞులు నాలుకపై వేసి గుర్తుపడతారు. దీనికి కారణం లేకపోలేదు: అటువంటి మట్టిలో సురేకారపు లవణాలుంటవి. నవాసారం పైపొరలోని తుత్తునాగాన్ని కొంత కరగించివేయగా అక్కడ రాగి పాలు పెరుగుతుంది. ఆ రాగి పొరయే నల్లబడుతుంది. రాగి కలపని తుత్తునాగానికి ఈ నలుపు రాదు. 16వ వంతు రాగి ఎందుకో రసాయనశాస్త్రం చెప్పకముందే పనివారి చేతికి తెలిసినది. బీదరు మట్టి మహిమను గురించిన కథలలో అతిశయోక్తి లేకపోలేదు. లక్నో, పూర్ణియాలలో కూడా ఒకప్పుడు ఈ పని సాగినది. అయినా ఏ మట్టి పనికివస్తుందో ఎన్నుకొనే జ్ఞానం మాత్రం ఎక్కడైనా ఒక్కటే.

ఇక్కడ ఒక ఫిఖ్హ్ విషయాన్ని ప్రస్తావించాలి. బంగారు, వెండి పాత్రలలో తినడాన్ని, త్రాగడాన్ని దైవప్రవక్త (స) నిషేధించినారు. వెండి పొదిగిన పాత్ర సంగతి ఏమిటని ఫుఖహా చర్చించినారు. నోరు తగిలే చోట వెండి లేకుండా చూచుకుంటే అటువంటి పాత్రలో త్రాగవచ్చునని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. ఆయన శిష్యుడు అబూ యూసుఫ్ దానిని మక్రూహ్‌గా భావించినారు. ఈ నిషేధం వల్లనే ముస్లిం దేశాలలో సామాన్య లోహంపై పొదుగుపని వృద్ధి చెందినదని కొందరు వ్రాసినారు. ఈ వాదన సగమే నిలుస్తుంది. ఎందరో సుల్తానుల ఖజానాలలో బంగారు పాత్రలకు కొదువ లేదు. విలువ తక్కువైన లోహాన్ని చేతి నేర్పుతో విలువైనదిగా మార్చే మర్యాద మాత్రం ఈ నాగరికతలో చాలా పాతది.

బిద్రీకి మెప్పు రావడం ఇదే మొదటిసారి కాదు. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనలో బిద్రీ వస్తువులున్నవి; కొన్నిటిని మ్యూజియం కోసం అక్కడే కొన్నారు. ఓవెన్ జోన్స్ అనే ఆంగ్ల రూపశిల్పి 1856లో ప్రకటించిన అలంకార నమూనాల గ్రంథంలో, ఆ ప్రదర్శనకు వచ్చిన భారతీయ లోహపుపనుల నమూనాలకు రంగుల పుటలు కేటాయించినాడు. యంత్రంపై తయారయ్యే వస్తువుల అందవిహీనతను చూచి విసిగిన ఐరోపా రూపశిల్పులకు అవి పాఠాలైనవి. కాని పుటలకు ఎక్కినది నమూనాయే. గీసిన చేయి, తవ్విన చేయి ఎవరివో ఆ పుటలు చెప్పవు. మెప్పు వచ్చిన తరువాత కూడా ఆదరణ పెరగలేదు. హుక్కా వాడుక తగ్గినది, నవాబుల ఇండ్లు చితికినవి, 1948 తరువాత దర్బారు కొనుగోళ్లు ఆగినవి.

ఇబ్నె ఖల్దూన్ తన ముఖద్దిమాలో చేతిపనులను గురించి చెప్పిన రెండు విషయాలు ఇక్కడ గుర్తుకు తెచ్చుకోదగినవి. ఒకటి: పని అనేది ఆలోచన, అభ్యాసం రెండూ కలిసి మనిషిలో స్థిరపడిన సామర్థ్యం, దానిని ఆయన 'మలకా' అన్నాడు. వినడం వలన వచ్చేదానికంటె, చేసేవాని ప్రక్కన ఉండి చేయడం వలన వచ్చే మలకా గట్టిది. రెండు: గిరాకీ ఉన్నంతవరకే పని మెరుగుపడుతుంది, నగరం క్షీణించి గిరాకీ పోతే పని కూడా పోతుంది. ఆరువందల సంవత్సరాల క్రితం చెప్పిన ఈ మాటలు బీదరు చరిత్రకు అతికినట్లు సరిపోతవి. నమూనాను పుస్తకంలో దాచవచ్చును. మలకాను దాచడానికి మనిషి తప్ప వేరే పెట్టె లేదు.

అందుకు పెద్ద నిదర్శనం బైతుల్ మఖ్దిస్‌లో కనబడినది. నూరుద్దీన్ జంగీ 12వ శతాబ్దిలో హలబ్‌లో చేయించగా సలాహుద్దీన్ అయ్యూబీ 1187 విజయానంతరం మస్జిదె అఖ్సాకు తెచ్చిన మింబర్ 1969 ఆగస్టు 21న అగ్నికి ఆహుతి అయినది. దానిని తిరిగి చేయదలచినప్పుడు ఫోటోలకు కొరత లేదు; మేకులు లేకుండా వేలాది చెక్క ముక్కలను జ్యామితి లెక్కతో కూర్చే నేర్పుకే కొరత వచ్చినది. ఆ లెక్కను మళ్లీ సాధించి, పలు దేశాల పనివారిని జోర్డానులో చేర్చి, కొత్త మింబర్‌ను పూర్తిచేసి 2007లో ప్రతిష్ఠించగలిగినారు. దహనమైన ఆ మింబర్‌పై హుమైద్ బిన్ జాఫిర్, సల్మాన్ బిన్ మఆలీ మొదలైన పనివారి పేర్లు చెక్కి ఉండినవి.

పేరు చెక్కడం అక్కడితో ఆగిన ఆచారం కాదు. బ్రిటిష్ మ్యూజియంలోని ప్రసిద్ధమైన వెండి పొదుగు ఇత్తడి కూజాపై, దానిని 1232లో మోసుల్‌లో చేసిన షుజా బిన్ మనఆ పేరు ఉన్నది. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న మమ్లూకు కాలపు పళ్లెరంపై ముహమ్మద్ బిన్ అల్ జైన్ తన పేరును ఆరుచోట్ల వ్రాసుకున్నాడు. బిద్రీ వస్తువులలో అటువంటి సంతకాలు బహు అరుదు. మ్యూజియం చీటీలపై 'బీదరు, 17వ శతాబ్ది' అనే ఉంటుంది.

నేటి పునరాదరణను ఈ కొలతతో చూడాలి. మేలు జరుగుతున్నదన్నది కాదనరాని విషయం. బిద్రీకి 2006 నాటికి భౌగోళిక గుర్తింపు లభించినది. బీదరుకు చెందిన ఉస్తాద్ షా రషీద్ అహమద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించబడినది. హుక్కా పోయినా, దీపపు స్తంభాలు, చొక్కా గుండీలు, నగలు, కంప్యూటరుకు తగిలించే పెన్‌డ్రైవ్ తొడుగులు వచ్చినవి. నల్లని నేల, పలుచని వెండి గీత ఆధునికుల అభిరుచికి సహజంగానే నచ్చుతవి. ఉస్తాద్‌తో కూర్చుని పాత లతను విడిచి కొత్త గీతను కనుగొనే డిజైనర్లు పనికి కొత్త గిరాకీ తెస్తున్నారు; ఇబ్నె ఖల్దూన్ కోరినదీ అదే. అయితే నమూనాను మాత్రం తీసుకొని ఏ చవక లోహంపైనో యంత్రంతో అచ్చు వేయించేవారు కూడా దానిని 'బిద్రీ శైలి' అనే అమ్ముతున్నారు. ఒక పూట పనిచేసే యంత్రంతో, ధర పెరిగిన వెండిని తన డబ్బుతో కొనుక్కొని వారాల తరబడి కూర్చునే పనివాడు ధరలో పోటీపడలేడు. భౌగోళిక గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది; కూలి రేటును గాని, కొడుకు ఈ పనిలో ఉండాలా వద్దా అనే నిర్ణయాన్ని గాని అది తాకదు.

మునీర్ ఫర్మాన్‌ఫర్మాయాన్ విషయంలో ఒక మేలైన పద్ధతి కనిపిస్తుంది. అద్దాలు కోసి అతికిన ఉస్తాద్ హాజీ ముహమ్మద్ నవీద్ పేరును ఆమె మరుగుపరచలేదు. ఆమె కళను గురించి వ్రాసేవారు ఆయనను కూడా పేర్కొంటున్నారు. బిద్రీ దీపపు స్తంభం పెట్టెపై డిజైనరు పేరు, దుకాణం పేరు తరచుగా ఉంటవి. వస్తువును తిరగేస్తే అడుగుభాగం సాధారణంగా ఏ పొదుగూ లేకుండా ఖాళీగా ఉంటుంది. నలుపు ఎక్కించకముందే, కాలువలు తవ్విన ఆ ఉలితోనే అక్కడ ఒక పేరు, ఒక సంవత్సరం చెక్కడానికి కొద్ది నిమిషాలు పడుతుంది. కొనేవారు అడిగితే అది జరుగుతుంది.